నీ వెనకాల ఎవరున్నారు?

'శాంతిభద్రతల దృష్ట్యా ముప్పై పోలీస్ యాక్ట్ అమల్లో ఉంటుంది. ముందస్తు అనుమతి లేకుండా సభలు, ఊరేగింపులు, ధర్నాలు జరపరాదు.'

పలాస, టెక్కలి డేట్‌లైన్లతో ఈ వార్త ఎన్నిసార్లు నా చేతుల మీదుగా పోయిందో లెక్కలేదు. సింగిల్ కాలమ్, నాలుగు లైన్లు. జీడిపిక్కల ధరకీ, రైళ్ల రాకపోకలకీ మధ్య ఎక్కడో ఇరుక్కుని వస్తుంది. చదివేవాళ్లకు అదో వాతావరణ సూచన. వాన పడొచ్చు, పడకపోవచ్చు. ధర్నా చేయకూడదు.

ఈ ముప్పై ఎక్కడిది? 1861 నాటి పోలీసు చట్టంలో ముప్పయ్యో సెక్షన్. అంటే 1857లో బహదూర్ షా జఫర్ పేరు చెప్పుకుని లేచిన సిపాయిల్ని ఉరికొయ్యలకి వేలాడదీసిన నాలుగేళ్లకి తెల్లదొర రాసుకున్న చట్టం. ఆ దొర పోయాడు. జఫర్ రంగూన్‌లో మట్టిలో కలిశాడు. సెక్షన్ మాత్రం ఉద్దానం జీడితోటల మధ్య హాయిగా బతుకుతోంది. నిజానికి ఆ సెక్షన్‌ని తీసి చదివితే ఊరేగింపుని ఏ దారిన, ఏ వేళ నడపాలో చెప్పే అధికారం ఉంది గానీ ఊళ్లకి ఊళ్ల నోరు నెలల తరబడి కుట్టేసే అధికారం లేదు. 2023 జనవరిలో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఇదే చట్టాన్ని చేతపట్టుకుని రోడ్ల మీద సభలు వద్దంటూ జీవో నంబర్ 1 తెచ్చింది. అదే ఏడాది మే నెలలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పుడు చీకటి జీవో అని గొంతు చించుకున్న పార్టీ 2024లో గద్దెనెక్కింది. ముప్పై ప్రకటనలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఈ విషయంలో మన పార్టీలన్నిటిదీ ఒకే మతం.

అయితే నా గొడవ సెక్షన్ గురించి కాదు, దాని వెనకాలే వచ్చే ఒక ప్రశ్న గురించి. టెంటు వేసుకుని కూర్చున్న కుర్రాణ్ణి స్టేషన్‌కి పిలిచి, బెంచీ మీద కూర్చోబెట్టి ఎస్సై అడిగే మొదటి ప్రశ్న 'నీకేం కావాలి' అని కాదు. 'నీ వెనకాల ఎవరున్నారు?' అని. నీళ్లు కావాలన్నా అదే ప్రశ్న. భూమి పోనివ్వమన్నా అదే ప్రశ్న. ఈ దేశంలో ఈ ప్రశ్నని పుట్టుకతో మోసుకు తిరిగే జనం రెండు రకాలు. ఉద్దానం కుర్రాళ్లొకరు, మా తురక కుర్రాళ్లొకరు. ఈ మాట ఎవరికైనా అతిశయోక్తిగా తోస్తే కాస్త ఓపిక పట్టాలి.

పలాస చరిత్ర చెప్పాలంటే కాల్పుల చరిత్రే చెప్పాలి. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ ఇక్కడే జరిగింది. ఆ వేడి చల్లారకముందే మందస జమీందారీలో అడవిలో కట్టెపుల్ల తెచ్చుకునే హక్కు కోసం రైతులు లేచారు. గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్చారు. చచ్చిపోయినవాళ్లలో గున్నమ్మ ఉంది. గర్భిణి. 'నీ వెనకాల ఎవరున్నారు' అంటే ఆ తల్లి ఏం చెప్పాలి? వెనకాల ఎవరూ లేరు, కడుపులో ఒకరున్నారు.

1969లో ఇదే నేల మీద 'ఎన్‌కౌంటర్' అన్న మాట తెలుగు మాటైపోయింది. మే 27న పంచాది కృష్ణమూర్తినీ ఇంకొందరు యువకుల్నీ జలంత్రకోట దగ్గర కాల్చేశారు. డిసెంబర్‌లో సుబ్బారావు పాణిగ్రాహినీ పంచాది నిర్మలనీ రంగమటియా కొండల్లో చంపారు. వాళ్లు పట్టింది ఆయుధం. దాని మంచిచెడ్డల మీద యాభై ఏళ్లుగా పుస్తకాలు వస్తున్నాయి. నేను ఆ చర్చలోకి పోను. నాకు కావాల్సింది తరవాతి సంగతి. ఆయుధం పట్టినవాళ్లు పోయాక కూడా ఆ ఊళ్ల పేర్ల మీద అనుమానం పోలేదు. బొడ్డపాడు అని ఊరి పేరు చెప్తే అవతలివాడి చూపు ఒక క్షణం ఆగుతుంది. ఆ ఆగిన చూపు నాకు బాగా తెలుసు. నా పేరు చెప్పినప్పుడూ అలాగే ఆగుతుంది.

పాణిగ్రాహి గురించి ఇంకో మాట. ఆయనది ఒరియా బ్రాహ్మణ కుటుంబం. బొడ్డపాడు గుళ్లో పూజారి. ఇంటి భాష ఒరియా, పాట తెలుగు. జముకు పట్టుకుని తెలుగులో కథ చెప్తే ఊరు ఊరంతా కదిలింది. ఆయన్ని ఎవరూ 'నీ భాష వేరు కదా, తెలుగు బాగా పాడతావే' అని మెచ్చుకున్నట్టు నేను వినలేదు. నన్ను మాత్రం ఇప్పటికీ మెచ్చుకుంటారు. 'ఉర్దూ వాళ్లయ్యుండి తెలుగు ఎంత చక్కగా రాస్తారండీ!' అమ్మీతో మాట్లాడే భాష ఉర్దూ, అన్నం పెట్టే భాష తెలుగు. ఇందులో ఆశ్చర్యపోవడానికి ఏముంది? శ్రీకాకుళంలో షేర్ మహమ్మద్ ఖాన్ జామియా మసీదు కట్టించి నాలుగు వందల ఏళ్లు కావస్తోంది. ఇంకా మేం అతిథులమేనా?

ఇక ఆయుధాలు లేని కథకి వద్దాం.

సోంపేట బీల. వాన నీళ్లు నిలిచే చిత్తడి నేల. దాని మీద చేపలు పట్టేవాళ్లు బతుకుతారు, పశువులు బతుకుతాయి, చుట్టూ పొలాలకి అదే ఆదరువు. దాన్ని పనికిరాని భూమి అని కాగితాల్లో రాసి, నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ థర్మల్ కేంద్రానికి ఇచ్చారు. జనం రిలే నిరాహార దీక్షలకి కూర్చున్నారు. ముందు నిలబడ్డది ఊళ్లో వైద్యం చేసుకునే డాక్టర్ వై. కృష్ణమూర్తి లాంటివాళ్లు, బెస్తలు, రైతులు, వాళ్ల పిల్లలు. 2010 జూలై 14న పోలీసులు కాల్చారు. ఇద్దరు చచ్చిపోయారు. సరిగ్గా అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పొద్దున టెంటు కింద కూర్చున్నవాడు చెప్పిన మాటే సర్కారు వారి అథారిటీ కూడా చెప్పింది. అథారిటీని ఎవరూ 'నీ వెనకాల ఎవరున్నారు' అని అడగలేదు.

ఏడున్నర నెలలు తిరక్కుండా 2011 ఫిబ్రవరి 28న టెక్కలి దాపున, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి. ఈసారి కంపెనీ ఈస్ట్‌కోస్ట్ ఎనర్జీ. మళ్లీ తంపర భూములే, మళ్లీ నెలల తరబడి దీక్షలే, మళ్లీ కాల్పులే. వడ్డితాండ్రలో ఇళ్లు తగలబడ్డాయి. పక్కనే తేలినీలాపురం. ఏటా ఎక్కడెక్కడి నుంచో పక్షులొచ్చి అక్కడి చెట్ల మీద పిల్లల్ని చేసుకుని పోతాయి. వాటి రాకపోకలకి ఏ యాక్టూ అడ్డం లేదు. ఆ చెట్ల కింద పుట్టినవాడు మాత్రం నలుగురితో కలిసి నడవాలంటే అనుమతి కావాలి.

రెండు చోట్లా అధికారులు పాడిన పాట ఒకటే. బయటి శక్తులు రెచ్చగొడుతున్నాయట. కంపెనీ బయటిది. అది మండించబోయే బొగ్గు బయటిది. దిగిన బలగాలు బయటివి. పుట్టబోయే కరెంటు పోయేదీ బయటికే. 'బయటి శక్తి' మాత్రం ఎవరయ్యా అంటే పక్కూరి నుంచి సైకిలేసుకుని వచ్చి టెంటు కింద కూర్చున్న కుర్రాడు!

ఇప్పుడు నా గల్లీకి రండి.

2007 మే 18. మక్కా మసీదులో జుమ్మా నమాజు వేళ బాంబు పేలింది. చచ్చినవాళ్లు మావాళ్లు. కడుపు మండి రోడ్డెక్కితే కాల్పుల్లో చచ్చినవాళ్లూ మావాళ్లే. ఆ తరవాత పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టిందీ మా కుర్రాళ్లనే. కోర్టులు వాళ్లని నిర్దోషులన్నాయి. 2012లో సర్కారు వాళ్లకి నష్టపరిహారంతో పాటు నడవడిక బాగుందని సర్టిఫికెట్లు ఇచ్చింది. మరుసటేడు హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వుని కొట్టేసింది. డబ్బు సంగతి అలా ఉంచండి. ఏ తప్పూ చేయలేదని సర్కారు చేత రాయించుకుని జేబులో పెట్టుకు తిరగాల్సిన పౌరుడు ఎలాంటి పౌరుడు? మీ ఇంట్లో ఎంతమందికి ఆ సర్టిఫికెట్ ఉంది?

2019 డిసెంబర్‌లో పౌరసత్వ చట్టం మీద దేశమంతా పిల్లలు వీధుల్లోకొచ్చారు. చేతిలో జాతీయ జెండా, నోట్లో రాజ్యాంగ పీఠిక. ఇంతకంటే భద్రమైన నిరసన ఈ దేశంలో ఉంటుందా? జామియా మిలియాలో పరిశోధన చేస్తున్న సఫూరా జర్గర్‌ని 2020 ఏప్రిల్‌లో ఊపా కింద జైల్లో పెట్టారు. అప్పటికామె గర్భిణి. బయట ఆమె కడుపు మీద ఎన్ని కూతలు కూశారో నేను ఇక్కడ రాయలేను. 'నీ వెనకాల ఎవరున్నారు' అన్న ప్రశ్న దిగజారగల చివరి మెట్టు అది. జూన్‌లో గానీ బెయిలు రాలేదు. ఉమర్ ఖాలిద్‌ని 2020 సెప్టెంబర్‌లో పట్టుకున్నారు. దాదాపు ఐదేళ్లకి, 2025 సెప్టెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు బెయిలు కాదన్ననాటికి కూడా అతని మీద విచారణ పూర్తికాలేదు. మందసలో గున్నమ్మనీ తీహార్‌లో సఫూరానీ ఒకే వాక్యంలో రాస్తే నొచ్చుకునేవాళ్లు రెండు వైపులా ఉన్నారని నాకు తెలుసు. నొచ్చుకోనివ్వండి.

'పాకిస్తాన్ పో' అనే మాట మాకు కొత్త కాదు. ఓ చిత్రం చెప్పనా? నాకు తెలిసిన ముస్లింలెవరూ పాకిస్తాన్ మొహం చూడలేదు. నిజంగా అక్కడి జైల్లో ఉండి వచ్చినవాళ్లు మా ఉత్తరాంధ్ర మత్స్యకారులు. గుజరాత్ పడవల మీద వేటకెళ్లి 2018 నవంబర్‌లో చిక్కుకుని, 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చారు. దాని మీద 'తండేల్' అని సినిమా కూడా వచ్చింది. ఉన్న ఊళ్లో పని లేక గుజరాత్ దాకా ఎందుకు పోవాల్సి వచ్చిందని వాళ్ల పిల్లలు కలెక్టరాఫీసు ముందు కూర్చుంటే మాత్రం ముప్పై అడ్డొస్తుంది.

తుపాకీ రోజూ పేలదు. రోజూ పేలేది కాగితం. ఇది యువకుల విషయం కాబట్టి ఇక్కడ కాస్త నిలబడాలి.

ఉద్దానంలో పెరిగిన కుర్రాడికి ఎదురుగా ఉన్న దారులు ఎన్ని? మిలటరీ. గల్ఫు. లేదా ఓడల్లో, సైట్లలో వెల్డింగ్ పని. తల్లులు జీడిపిక్కలు కొట్టి వేళ్లు నల్లబడి, ఆ డబ్బుతో కొడుకుని కోచింగ్‌కి పంపుతారు. ఈ దారులన్నిటి మొదట్లో ఒక గేటుంది. దాని పేరు పోలీస్ వెరిఫికేషన్. మా కుర్రాళ్లదీ ఇదే గేటు. సౌదీ, కువైట్, దుబాయ్ ఏదైనా పాస్‌పోర్టు లేనిదే లేదు. 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు ఆపొచ్చు. కోర్టు అనుమతి తెచ్చుకుంటే ఇవ్వొచ్చని 1993లో ఒక నోటిఫికేషన్ ఉంది గానీ అది తెలిసినవాడెవడు, తెలిసినా ప్లీడరుకి ఇచ్చుకునేదెవడు? అందుకే కాల్చాల్సిన పనిలేదు. కుర్రాణ్ణి తాసీల్దారు దగ్గర బైండోవర్ చేయించి 'నీ మీద కాగితముంది, చూసుకో' అంటే చాలు. మిగతా పని ఇంట్లో అమ్మే చేస్తుంది. 'నీకెందుకురా నాయనా' అని ఏడుస్తుంది. వజ్రపుకొత్తూరులో ఆ ఏడుపు తెలుగులో ఉంటుంది, మా ఇంట్లో ఉర్దూలో ఉంటుంది. తేడా అంతే.

2022 జూన్‌లో అగ్నిపథ్ మీద కుర్రాళ్లు తిరగబడినప్పుడు ఈ కాగితం బట్టబయలైంది. సికింద్రాబాద్ స్టేషన్లో రైల్వే పోలీసు కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రాడొకడు చచ్చిపోయాడు. రెండు రోజులకే సైన్యం పెద్దలు ఢిల్లీలో చెప్పారు: చేరదలచినవాళ్లు నిరసనల్లో, విధ్వంసంలో పాల్గొనలేదని రాసివ్వాలి, పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది అని. రైలు తగలబెట్టినవాడికి శిక్ష వేయండి, ఎవరు కాదన్నారు? నిరసననీ విధ్వంసాన్నీ ఒకే గాటన కట్టేయడంలోనే ఉంది కిటుకంతా. ఇంటికో జవానుని పంపిన ఊళ్లు ఉద్దానంలో ఉన్నాయి. ఆ ఊరి కుర్రాడు దేశం కోసం చావడానికి ముందు, దేశంలో ఎప్పుడూ నోరెత్తలేదని రాసివ్వాలి. సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో ఉద్యోగాల సంగతి తేలుస్తూ, చిన్న వయసులో నినాదాలిచ్చిన లాంటి చిల్లర కేసుల్ని దాచినా యజమాని క్షమించి వదిలేయవచ్చని చెప్పింది. నినాదం ఇవ్వడాన్ని 'క్షమించడం' అన్నమాట. ఆ కాస్త దయ కూడా మా స్టేషన్ల దాకా రాలేదు.

ఇప్పుడు లౌకికవాద మిత్రులతో నాలుగు మాటలు. కోపగించుకోవద్దు, మీరు నా మిత్రులు కాబట్టే.

సోంపేట మీద మీరు రాశారు, కాకరాపల్లికి నిజనిర్ధారణకి వచ్చారు, పాటలు కట్టారు. సలాం. 2020 జనవరిలో మా ఆడవాళ్లు బురఖాలతో రోడ్డు మీద కూర్చున్నప్పుడు మీలో ఎంతమంది 'అది వాళ్ల మత సమస్య' అన్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. బీల రైతు రోడ్డు మీద బైఠాయిస్తే ప్రజా ఉద్యమం, షాహీన్ బాగ్‌లో నానమ్మలు కూర్చుంటే ట్రాఫిక్ సమస్య! కోర్టులదీ ఇదే తంతు. వీధుల్లో సభ పెట్టుకునే హక్కుని సర్కారు మొత్తంగా కాదనలేదని 1972లో హిమ్మత్‌లాల్ షా కేసులో చెప్పిన సుప్రీంకోర్టే, 2020 అక్టోబర్‌లో షాహీన్ బాగ్ తీర్పులో నిరసనలు నిర్దేశించిన చోటే జరగాలంది. ఎవరు నిర్దేశించిన చోటు? టెక్కలిలో పోలీసు నిర్దేశించే చోటు ఊరి బయట ఉంటుంది, వినాల్సినవాడి చెవికి చాలా దూరంగా. ఆ తీర్పు మా ఆడవాళ్లని లేపడానికి కదా అని మీరు ఊరుకున్నారు. రేపు మీ టెంటు పీకడానికి పోలీసు చూపించేదీ ఆ తీర్పే.

మా పెద్దల్ని వదులుతానా? వాళ్ల మీద నా ఫిర్యాదు ఇంకా పెద్దది. 1985లో షాబానో అనే ముసలమ్మకి భరణం ఇవ్వమంటే ఖౌమ్ ప్రమాదంలో పడిందని ఊరూరా జులూసులు తీసిన జనాబులు, వడ్డితాండ్రలో ఇళ్లు కాలినప్పుడు ఎక్కడున్నారు? ఆ ఊళ్లో ముస్లింలు లేరు కాబట్టి అది జుల్మ్ కాదా? ఈ జిల్లాలో మనం నూటికి ఒక్కరం కూడా లేము, మనకెందుకు అంటారు. నూటికి ఒక్కడు లేనివాడికి పక్కవాడి గొంతు తప్ప ఇంకేం రక్షణ ఉంది? మసీదు మైకు గురించి ఎస్సై దగ్గరికి వెళ్లే కమిటీ, అదే స్టేషన్లో బైండోవరైన బెస్త కుర్రాడి పక్కన ఐదు నిమిషాలు నిలబడితే దీన్ ఏమన్నా తగ్గుతుందా? చదువుకున్న మా పిల్లల్ని 'పాలిటిక్స్ వద్దు బేటా, వీసా చూసుకో' అని లొంగదీస్తున్నది పోలీసు కాదు. మీరు.

అలా లొంగనివాడు ఒకడున్నాడు. ఆజం అలీ. నల్లగొండలో పౌరహక్కుల సంఘం నాయకుడు. ఎన్‌కౌంటర్లో పోయినవాడి మతం అడక్కుండా శవం దగ్గరికి వెళ్లి నిలబడేవాళ్ల జట్టు అది. 2000 నవంబర్‌లో హైదరాబాద్‌లో ఆ సంఘం నాయకుడు పురుషోత్తంని నరికి చంపారు. మూడు నెలలైనా కాకముందే, 2001 ఫిబ్రవరి 18న నల్లగొండలో ఆజం అలీని చంపారు. మన మజ్లిసుల్లో, మన మిలాద్ సభల్లో ఈ పేరు విన్నారా ఎప్పుడైనా? నేను వినలేదు. టిప్పు సుల్తాన్ పేరు చెప్పి మీసం తిప్పుతాం, నిన్నగాక మొన్న మన మధ్య తిరిగిన షహీద్ మనకి గుర్తులేడు. ఎందుకంటే అతను ఇస్లాం కోసం చావలేదు, పక్కవాడి హక్కు కోసం చచ్చాడు. ఇస్లాంలో దాన్నేమంటారో మౌల్వీ సాబులే చెప్పాలి.

ఇంతకీ ఇప్పుడీ గొడవెందుకంటారా? ఉద్దానంలో మళ్లీ సర్వేల మాట వినపడుతోంది. మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విమానాశ్రయం కడతామని 2025లో ప్రతిపాదన ముందుకొచ్చింది. తిత్లీ తుపానుకి 2018 అక్టోబర్‌లో కూలిపోయిన తోటల్ని మళ్లీ నాటుకుని, కొబ్బరీ జీడీ ఇప్పుడిప్పుడే చేతికొస్తున్న రైతులు మా భూమి ఇవ్వం అంటున్నారు. విమానం మంచిదా చెడ్డదా అన్నది నేను తేల్చను. అది వాళ్లు తేల్చుకోవాలి, నోరు తెరిచి, నలుగురిలో. మూత్రపిండాల జబ్బుతో ఊళ్లకి ఊళ్లు వల్లకాడవుతున్నాయని ఇక్కడి జనం ఏళ్ల తరబడి మొత్తుకుంటే గదా 2023 డిసెంబర్‌లో పలాసలో ఆస్పత్రి తెరిచారు, మంచినీళ్ల పథకం తెచ్చారు! మొత్తుకోకుండా వచ్చిందేదన్నా ఉంటే చూపించండి.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు సభ పెట్టుకోవాలనుకున్నప్పుడు దరఖాస్తు మూడు ప్రతులు రాయండి. ఒకటి స్టేషన్లో ఇచ్చి, రెండో దాని మీద ముద్ర వేయించుకోండి. కుదరదని నోటిమాటగా చెప్తే ఒప్పుకోవద్దు, ఏ సెక్షన్ కింద ఎందుకు కుదరదో రాసిమ్మనండి. ముప్పై ఉంది అంటే ఆ ఉత్తర్వు నకలు అడగండి. 2024 జూలై నుంచి పాత 144 పోయి కొత్త చట్టంలో 163 వచ్చింది, అదంటే అదే అడగండి. హైకోర్టుకి పోవాలంటే పనికొచ్చేది ఆ కాగితమే. ఇన్నాళ్లూ వాళ్ల కాగితం మీ మీద ఉంది, ఈసారి మీ చేతిలో ఒకటుండనివ్వండి. కింద సంతకాలు చేసేటప్పుడు పొడి అక్షరాలు వద్దు, పేర్లు పూర్తిగా రాయండి. ఊరి పేరు బొడ్డపాడైతే బొడ్డపాడు అనే రాయండి. పలాసలోనో టెక్కలిలోనో ఉన్న షేక్‌లూ ఖాన్‌లూ సయ్యద్‌లూ, దూదేకుల తమ్ముళ్లూ, ఆ పేర్ల కింద మీవీ రాయండి. మూడో ప్రతి నాకు పంపండి. సింగిల్ కాలమైనా వేయిస్తాను.